షెర్లీ టీచర్ గీయని బొమ్మలు

14 జూలై, సోమవారం

బుడ్డమ్మ కథల మూడో పుస్తకానికి షెర్లీ టీచర్ ఈరోజుకీ ఐదు బొమ్మలే తెచ్చారు. కావాల్సినవి ఇరవై నాలుగు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కుడికంటికి రంగులు కొత్తగా కనపడుతున్నాయట. వేసిన బొమ్మే మళ్ళీ వేసుకుంటున్నారు.

ఆవిడ మెట్లు దిగాక మా పబ్లిషర్ గోపాలకృష్ణయ్య గారు నన్ను లోపలికి పిలిచారు.

"అమ్మాయ్, దసరాకి ఎనిమిది పుస్తకాలూ బళ్ళకి చేరాల. మాచర్ల కాడ్నించి క్రోసూరు దాకా మాటిచ్చొచ్చా. టీచరమ్మ ఇట్టా ఇస్తా పోతే ఈ పిల్లలు కాలేజీకి పోయినాక అందుతయ్."

వేరే ఆర్టిస్టును పెడదామా సార్ అన్నాను.

"బుడ్డమ్మ మొహం మారితే పిల్లలు ఊరుకుంటారా? మొదటి రెండు పుస్తకాల్లో మేకను తోలుకుపోయిన బుడ్డమ్మే కావాల. కంప్యూటర్‌లో బొమ్మలొస్తన్నయ్యంటగా, చూడరాదూ?"

చూస్తానన్నాను. చూడటంలో తప్పేముంది.

17 జూలై, గురువారం

మూడు రోజులుగా ఇదే పని. కావాల్సిన బొమ్మ గురించి ఒక వాక్యం రాసి, చివర ఒక అంకె పెట్టాలి. ఒక్కో అంకెకు ఒక్కో గీసే తీరు. అదే అంకె పెడితే ఎన్ని బొమ్మలు అడిగినా ఒకే మనిషి గీసినట్టు వస్తాయి. స్టైల్ కోడ్ అంటారు దాన్ని. ఆన్‌లైన్ గ్రూపుల్లో జనం ఆ అంకెల్ని వంట చిట్కాల్లాగా పంచుకుంటున్నారు.

అరవై దాకా ప్రయత్నించాను. ఒకటి నీటిరంగుల్లో వచ్చింది. ఒకటి పాత క్యాలెండరు బొమ్మలాగా వచ్చింది. విడిగా చూస్తే అన్నీ బాగున్నాయి. టీచర్ బొమ్మ పక్కన పెడితే మాత్రం ఎవరో విదేశీ పిల్లకు లంగా జాకెట్టు తొడిగినట్టుంది. వెనక నాపరాళ్ళ దడి ఉండాల్సిన చోట ఇటుక గోడ.

పాత పుస్తకం తీసి చూశాను. ముక్కు ఒకే గీతలో వేస్తారు టీచర్. చేతులు ఎప్పుడూ వీపు వెనకో, పమిట కిందో దాచేస్తారు. ఎనిమిదో తరగతిలో మాకూ అదే చెప్పారు: "వేళ్ళు రాకపోతే దాచెయ్యండే, సిగ్గుపడేదేముంది."

19 జూలై, శనివారం

మన దగ్గర బొమ్మలుంటే వాటిని ఎక్కించి సొంతంగా కోడ్ చేయించుకోవచ్చట.

రెండు పుస్తకాల స్కాన్లూ నా మెషిన్‌లోనే ఉన్నాయి. స్కాన్ చేసింది నేనే.

21 జూలై, సోమవారం

ఎక్కించాను. నలభై ఆరు బొమ్మలు. ఊరికే, వస్తుందో రాదో చూద్దామని.

నిమిషం కూడా పట్టలేదు. ఒక కోడ్ ఇచ్చింది. 'మేకపిల్లను ఎత్తుకుని సున్నపు బట్టీ ముందు నిలబడ్డ ఏడేళ్ళ పిల్ల' అని రాసి చివర ఆ కోడ్ పెట్టాను. నాలుగు బొమ్మలొచ్చాయి. నాలుగింటిలోనూ బుడ్డమ్మే. ఒకే గీతలో ముక్కు. ఎండుమిరపకాయ ఎరుపు. మేకపిల్ల కింద దాచేసిన చేతులు.

నాకు కలిగింది భయమో సంతోషమో తెలియలేదు. లేచి కిందికెళ్ళి టీ తాగి వచ్చాను. వచ్చి చూసినా బుడ్డమ్మ అక్కడే ఉంది.

ఇది సార్‌కు నమూనా చూపించడానికే. టీచర్ ఒప్పుకుంటేనే వాడతాం.

24 జూలై, గురువారం

టీచర్ వేసిన రెండూ, నావి రెండూ కలిపి సార్ ముందు పరిచాను. ఏవి ఎవరివో ఆయన చెప్పలేకపోయారు. సార్ అక్క కొడుకు తరుణ్ కూడా చెప్పలేకపోయాడు. కోడ్ పంపించు అక్కా, నేనూ చూస్తానంటే అతని ఫోన్‌కు పంపాను.

"టీచర్‌తో ఒక మాట చెప్పాలి సార్."

"చెబుదాంలే. ముందు పని కానీ. పెద్దావిడ, కళ్ళు సరిగా లేవు, ఆమెకూ సుఖమేగా."

నిజమే, సుఖమే. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి నేనే చెప్తానన్నాను. నన్ను ఈ ఆఫీసుకు తీసుకొచ్చి, "ఈ పిల్ల మాది, పని నేర్పండి" అని కూర్చోబెట్టింది టీచరే. నా నోటితో చెప్పడమే మర్యాద.

27 జూలై, ఆదివారం

మా ఊరు నకరికల్లులో పది గంటల బస్సెక్కాను. బరంపేటలో టీచర్ ఇంటికి వెళ్ళేసరికి చర్చి నుంచి అప్పుడే వచ్చి, చీరైనా మార్చుకోకుండా బల్ల ముందు కూర్చున్నారు. ఆరో బొమ్మ. బుడ్డమ్మ వాన చూస్తూ ఉంటుంది.

"ఏమే, ఈ నీలం నీకు నీలంలానే కనపడతందా? రెండు కళ్ళకీ రెండు రంగులు కనపడతన్నయ్ నాకు. నా ఎడమ కన్ను మాట నమ్మాల్నో, కుడి కన్ను మాట నమ్మాల్నో."

నీలమే టీచర్ అన్నాను.

"నువ్వు చెప్పావంటే సరే."

ఉప్మా పెట్టారు. రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి కుక్కర్ కూత వేసింది. రెండోసారి ఏమీ వేయలేదు.

28 జూలై, సోమవారం

చెప్పలేదు.

5 ఆగస్టు, మంగళవారం

మూడో పుస్తకం పూర్తయింది. టీచర్‌వి ఆరు, మిగతా పద్దెనిమిదీ నాలుగు రోజుల్లో అయిపోయాయి. నాలుగో పుస్తకం మొదలుపెట్టాను.

అట్ట మీద 'బొమ్మలు: షెర్లీ' అనే ఉంచాను. పేరు తీసేస్తే అప్పుడు కదా తప్పు. ఆవిడ గీసే తీరు, ఆవిడ పేరు. నాదంటూ నేనేమీ చెప్పుకోలేదు.

11 ఆగస్టు, సోమవారం

పన్నెండు గంటలప్పుడు టీచర్ వచ్చారు, చెప్పకుండా. ఏడు, ఎనిమిది, తొమ్మిది తెచ్చారు. మూడో పుస్తకం ప్రూఫులు నా బల్ల మీద పరిచి ఉన్నాయి. సార్ ఊళ్ళో లేరు.

"అప్పుడే ప్రూఫులేంది? నేనింకా ఇవ్వందే?" అంటూ కళ్ళజోడు పెట్టుకుని పైది తీశారు. బట్టీ బొమ్మ.

"ఈ పొగ చానా బాగా వచ్చిందే" అన్నారు. తరవాత బొమ్మను దూరంగా పట్టుకుని చూశారు. దగ్గరగా పట్టుకుని చూశారు.

"ఇదెప్పుడు గీశానే నేను?"

చెప్పడానికి అదే సమయం. నాకు తెలుసు అదే సమయమని.

"జూన్‌లో ఇచ్చారు కదా టీచర్" అన్నాను.

"జూన్‌లోనా?"

"ఆపరేషన్‌కి ముందు."

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. ఇంకో ప్రూఫు తీశారు. ఇంకోటి. అన్నీ తీసి చూశారు.

"బట్టీ బొమ్మ వెయ్యాలనుకున్న మాట వాస్తవమే. పిడుగురాళ్ళలో మా నాన్న పనిచేసిన బట్టీ అది, మనసులో ఉంది. వేశానా మరి? వేసే ఉంటా. ముక్కు నాదే." మంచినీళ్ళు అడిగారు. తాగారు. "సరేలే" అని లేచారు.

మెట్లు దిగేటప్పుడు పిట్టగోడ పట్టుకుని దిగారు. ఎప్పుడూ అలా దిగరు.

12 ఆగస్టు, మంగళవారం

జూన్‌లో ఇచ్చారేమో అన్నాను. నేనన్నది అంతే. ఆవిడే వేసే ఉంటానన్నారు.

సార్ రాగానే అన్నీ చెప్పి సరిచేసుకోవచ్చు.

18 ఆగస్టు, సోమవారం

టీచర్ ఫోన్ చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు, ఇంట్లో ఒక్కరే ఉన్నా.

"ఏమే, ఇల్లంతా వెతికా. ఆ బొమ్మలకి పెన్సిల్ గీతలు ఒక్కటి కూడా దొరకలా. గీతలు వేసుకోకుండా నేనెప్పుడన్నా రంగు ముట్టుకున్నానా? నేను నీకేమేం ఇచ్చానో, ఏ రోజు ఇచ్చానో రాసి పంపు. ఇకనించి అన్నీ రాసుకోవాలనుకుంటన్నా."

అలాగే టీచర్ అన్నాను.

19 ఆగస్టు, మంగళవారం

రాసి పంపాను. పద్దెనిమిది బొమ్మలకూ తేదీలు వేశాను. జూన్ 3న నాలుగు. జూన్ 9న ఐదు. అలా.

ఆవిడ మనసు కుదుటపడుతుందని పంపాను.

26 ఆగస్టు, మంగళవారం

వందన ఫోన్ చేసింది. టీచర్ చెల్లెలి కూతురు, గుంటూరులో నర్సు. ఎప్పుడో ఒకసారి చూశాను.

"రోహిణి గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. మా పెద్దమ్మకి మతిమరుపు ఎప్పటినించి ఉంది? మీరు తరచూ చూస్తంటారుగా."

లేచి గది తలుపు దగ్గరికి వేశాను.

"పద్దెనిమిది బొమ్మలు గీసి అసలు గుర్తే లేదంటంది. మీరు పంపిన లిస్టు పట్టుకుని కూర్చుంటంది. జూన్ తొమ్మిదిన నేను అక్కడే ఉన్నా, ఆ రోజు బొమ్మలిచ్చిన సంగతి నాకూ గుర్తు లేదు. మా అమ్మమ్మకి ఇట్టానే మొదలైంది. ఆఖరికి నన్ను కూడా పోల్చుకోలా. పెద్దమ్మకి అది తెలుసు. సండే స్కూలు పిల్లలకి బొమ్మలు నేర్పేది, మానేసింది. గ్యాస్ ఆపానా లేదా అని నాలుగుసార్లు లేచి చూస్తంది. గురువారం డాక్టర్ దగ్గరికి తీసుకుపోతన్నా. మీకేమన్నా తేడా అనిపించిందా?"

"నాకేమీ అనిపించలేదండీ" అన్నాను.

చాలా రోజుల తరవాత చెప్పిన ఒక్క నిజం అది. అదీ ఎందుకూ పనికిరాలేదు.

27 ఆగస్టు, బుధవారం

వినాయక చవితి. సెలవు. అమ్మ పత్రి కోసుకురమ్మంటే వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చాను.

29 ఆగస్టు, శుక్రవారం

సార్‌కు చెప్పాను, మొత్తం. ఆయన పేపర్ వెయిట్ తిప్పుతూ విన్నారు. చెడ్డమనిషి కాదు. టీచర్ ఆపరేషన్‌కు కారిచ్చి పంపింది ఆయనే.

"ఆమెతో అట్టా ఎందుకన్నావమ్మా? నేను అనమన్నానా?"

"లేదు సార్."

"ఇప్పుడు చెబితే గోలయిద్ది. మూడోది ప్రెస్సులో ఉంది. డాక్టరు ఏమీ లేదంటాడు, ఆమె కుదుటపడిద్ది, సరిపోద్ది. దసరా కానీ, నేనే పోయి మాట్లాడతా."

నాకు హాయిగా అనిపించింది. దసరా అంటే నెల రోజులే కదా.

31 ఆగస్టు, ఆదివారం

వందన మెసేజ్: డాక్టర్ ఏవేవో ప్రశ్నలడిగారట. అప్పటికైతే ఫర్వాలేదు, ఆరు నెలలాగి మళ్ళీ చూద్దామన్నారట. 'పద్దెనిమిది బొమ్మలు మర్చిపోవడం మాత్రం మామూలు విషయం కాదన్నారు.'

ఆరు నెలలు.

3 సెప్టెంబరు, బుధవారం

ఐదో పుస్తకం దగ్గర ఆగిపోయాను. వాళ్ళు సాఫ్ట్‌వేర్ మార్చారు. అదే వాక్యం, అదే కోడ్. నిన్నటిదాకా వచ్చిన బుడ్డమ్మ ఈరోజు రావడం లేదు. బుగ్గలు నున్నగా, కళ్ళు పెద్దగా, వెలుగు ఎక్కడినుంచో పడుతూ. అచ్చం టీచర్ బొమ్మను ఎవరో పౌడర్ అద్ది ఫొటో స్టూడియోకు తీసుకెళ్ళినట్టుంది.

సార్ వచ్చి చూశారు. "ఇదేంది, ఈ పిల్లెవరు?"

కోడ్ మళ్ళీ చేయించుకోవాలేమో, ఇంకా ఎక్కువ బొమ్మలు కావాలేమో అన్నాను.

"టీచరమ్మ ఇంట్లో పాతవి కట్టలు కట్టలు ఉంటయ్యిగా. ముప్పై ఏళ్ళవి. తీసుకురా. స్కాన్ చేసి జాగర్తగా దాస్తామని చెప్పు."

7 సెప్టెంబరు, ఆదివారం

బరంపేట వెళ్ళాను. తలుపు తీసే ఉంది.

బల్ల మీద రంగుల సీసాల్లేవు. వాటి స్థానంలో ఒక నోటు పుస్తకం, దాని మీద పెన్ను. తెరిచిన పేజీలో 'పాలు కాచాను 7.10. తలుపు గడియ వేశాను. మాత్ర వేసుకున్నాను' అని ఉంది. కింద రోహిణి వస్తుంది అని రాసి, వచ్చాక టిక్కు పెట్టడానికి పక్కన చిన్న గడి గీసుకున్నారు. నన్ను చూసి ఆ టిక్కు పెట్టారు.

పాత బొమ్మలు స్కాన్ చేస్తామన్నాను. అడిగీ అడగకముందే మంచం కింద నుంచి మూడు కట్టలు లాగారు.

"అన్నీ పట్టుకుపో. తిరిగి తేనక్కరలా. ఇందులో ఏవి నేను ఏసినవో, ఏవి పిల్లలు ఏసినవో ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. నీ కాడుంటే నువ్వన్నా చెబుతావ్ ఎవరన్నా అడిగితే."

ఒక కట్ట నా ఒళ్ళో పెట్టారు. బరువుగా ఉంది. పైనున్నది నేను ఎనిమిదో తరగతిలో గీసిన కోడిపుంజు. అడుగున నా పేరు, ఆవిడ అక్షరాల్లో.

"టీచర్, మీరు ఆ బొమ్మలు గీయలేదు" అన్నాను.

"ఏ బొమ్మలే?"

"బట్టీ బొమ్మ. ఆ పద్దెనిమిదీ. మీ పాత బొమ్మలు కంప్యూటర్‌కు ఎక్కించి నేను చేశాను. మీరు జూన్‌లో ఏమీ ఇవ్వలేదు. ఆ లిస్టంతా నేను కల్పించిందే."

ఆవిడ నోటు పుస్తకం దగ్గరికి లాక్కున్నారు.

"నేను గీయలా?"

"లేదు టీచర్."

"గీసి మర్చిపోలా?"

"లేదు."

ఫోన్ తీసుకుని వందనకు చేశారు. రెండుసార్లు వేరే వాళ్ళకు పోయింది. "ఒసేయ్ వందనా, నాకేం లేదంట. నేను బాగానే ఉన్నానంట. నేనసలు గీయనే లేదంట" అని నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. అవతల వందన ఏమందో వినపడలేదు. నేను కట్ట పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఫోన్ పెట్టేశాక ముఖం కడుక్కుని వచ్చారు. కట్ట నా ఒళ్ళోంచి తీసుకుని మంచం మీద పెట్టారు.

"నా బొమ్మలు తీసుకున్నావ్. అడిగితే ఇచ్చేదాన్నేమో, తిట్టేదాన్నేమో, అది ఏరే సంగతి. ఆ పనిముట్టు మీద నాకేం కోపం లేదు. దానికి నేనెవరో తెలవదు. నీకు తెలుసు. నాలుగు వారాలు. పొయ్యి కాడ నిలబడి 'యేసయ్యా, ఆర్పానా లేదా' అని ఏడ్చినదాన్ని. మా అమ్మ ఎట్టా పోయిందో నాకు తెలుసు కాబట్టి ఏడ్చా."

క్షమించండి టీచర్ అన్నాను.

"నా పేరు తీసెయ్యమను మీ సార్‌ని. ఆ ఆరు బొమ్మలూ తీసెయ్యమను. ఇంక లెయ్. పో."

8 సెప్టెంబరు, సోమవారం

సార్‌కు చెప్పాను. "పేరు తీసేద్దాం, అదెంతసేపు. అట్టలు మళ్ళీ వేయిస్తా" అన్నారు. పేరు లేకపోతే ఆయనకు ఇంకా సులువు అని అప్పుడు అర్థమైంది.

నేను చేసిన కోడ్ చెరిపేస్తాను సార్, టీచర్ బొమ్మలతో ఇంక చేయను అన్నాను.

తరుణ్ తల గోక్కున్నాడు. "అక్కా, అది అంకే కదా. నా ఫోన్‌లో ఉంది, జూలైలో నువ్వే పంపావ్. పాత వెర్షన్‌లో కావాలని చివర రాస్తే పాత బుడ్డమ్మే వస్తంది. పొద్దునే చూశా." స్క్రీన్ నా వైపు తిప్పాడు. బుడ్డమ్మే.

అయితే ఆ కట్టల అవసరమే లేకపోయింది. నేను ఆదివారం వెళ్ళాల్సిన పనే లేదు. ఆ ఆలోచన రాగానే మొదట కలిగింది విచారం. అది కూడా రాసి పెడుతున్నాను.

నేను ఎక్కించినవన్నీ చెరిపేశాను. బ్యాగ్ సర్దుకున్నాను. సార్ ఆపలేదు, తిట్టలేదు.

11 సెప్టెంబరు, గురువారం

అమ్మ అడిగింది, ఆఫీసుకు ఎందుకు పోవట్లేదని. పని అయిపోయిందన్నాను.

14 సెప్టెంబరు, ఆదివారం

టీచర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

19 సెప్టెంబరు, శుక్రవారం

టీచరే చేశారు. "ఆదివారం చర్చి అయినాక రా. ఒక పనుంది." పెట్టేశారు.

21 సెప్టెంబరు, ఆదివారం

వందన తలుపు తీసింది. పలకరించలేదు, పక్కకు మాత్రం తప్పుకుంది. టీచర్ బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎదురుగా తెల్లకాగితం, పెన్ను. కుర్చీ చూపించారు.

"ఇప్పటికీ ఒక్కో రోజు పొద్దునే లెయ్యంగానే అదే అనుమానం వస్తందే. ఈ పిల్ల నిజం చెప్పిందా, లేకపోతే నేను దిగులుపడతన్నానని నన్ను ఊరడించటానికి నేను గీయలేదని అబద్ధం చెప్పిందా అని. ఇంతకుముందు చెప్పింది కూడా నువ్వేగా. అప్పుడూ నమ్మా. అందుకని కాగితం మీద రాసివ్వు. నీ చేత్తో. వందన కూడా ఇది డాక్టరు ఫైల్లో పెడతానంటంది."

రాశాను. నేను బొమ్మలు ఎక్కించింది, కోడ్ చేయించింది, పద్దెనిమిది బొమ్మలు చేసింది, దొంగ లిస్టు పంపింది. ఆగస్టు 11న టీచర్ అడిగితే జూన్‌లో ఇచ్చారేమో అన్నాను అని రాశాను. సంతకం పెట్టాను.

టీచర్ కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు వేలు పెట్టి చదివారు. వేలు ఒకచోట ఆగింది.

"ఇదేంది?"

"ఏది టీచర్?"

"'ఇచ్చారేమో' అనలా నువ్వు. 'ఇచ్చారు కదా టీచర్' అన్నావ్. జూన్‌లోనా అని నేనడిగితే 'ఆపరేషన్‌కి ముందు' అన్నావ్. అప్పుడు కరెంటు లేదు. నీ చేతిలో స్టీలు స్కేలుంది. నా మొహంలోకి చూడకుండా ఆ స్కేలుతో ప్రూఫుల అంచులు సమానం చేస్తన్నావ్."

వందన వాళ్ళ పెద్దమ్మ వైపు తిరిగింది.

నేను ఆ మాట కొట్టేశాను. టీచర్ ఒక్కో ముక్కా చెబుతుంటే కింద మళ్ళీ రాశాను.